అమ్మ నంబరుకి ముందు ప్లస్ 91



ఫోను దగ్గర్లో ఉంటే ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. మీ ఇంట్లో వాళ్ల నంబరు ఒకటి తెరవండి. అమ్మ అని ఉందో, ఇల్లు అని ఉందో, పెద్దోడు అని ఉందో, ఏదైనా సరే. పేరు నొక్కితే కింద నంబరు కనిపిస్తుంది. అది ఎలా మొదలవుతోందో చూడండి. నేరుగా 9తోనో 8తోనో మొదలవుతోందా? ముందు సున్నా ఉందా? లేకపోతే ప్లస్ గుర్తు, 91, ఆ తర్వాత పది అంకెలు ఉన్నాయా?

మూడో రకంగా ఉంటే మీరు మంచి పని చేసిపెట్టుకున్నారు. మొదటి రెండు రకాల్లో ఏదైనా అయితే మాత్రం ఈ కాసేపు నా మాట వినండి. ఆ నంబరు మీరు ఇక్కడ ఉన్నంతకాలం మోగుతుంది. దేశం దాటిన రోజున మోగకపోవచ్చు. అసలు మనకి ఇంటి నంబరు బాగా అవసరమయ్యేది దేశం దాటిన రోజునే కదండీ.

నేను చెప్పబోయేది ఒక్కటే సంగతి. ఫోన్లో ఏ నంబరు దాచుకున్నా పూర్తిగా దాచుకోండి. ముందు ప్లస్. తర్వాత దేశం కోడు. ఆ తర్వాత, మొదట సున్నా ఉంటే అది తీసేసి, మిగతా నంబరు. ఇదే మాట చివర్లో మళ్లీ చెబుతాను. వినేవాళ్లకి గుర్తుండాలని.

దేశం కోడు అంటే ఏమిటి? మన తెలుగువాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు తర్వాత వస్తుంది. సొంత ఊళ్లో సుబ్బారావు అంటే చాలు, ఏ సుబ్బారావో అందరికీ తెలుసు. పొరుగూళ్లో అడిగారనుకోండి, ఏ ఇంటి సుబ్బారావు అంటారు. అప్పుడు ఇంటిపేరు చెప్పాలి. నంబరుకి దేశం కోడు అలాంటి ఇంటిపేరు. మన దేశంలో సెల్‌ఫోను నుంచి చేసినప్పుడు ఆ పది అంకెలు చాలు. బయటి దేశం నుంచి చేస్తే, ఏ దేశపు నంబరు అని అక్కడి ఎక్స్ఛేంజి అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబే 91. అది మన దేశం కోడు.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు పనికోసం దుబాయి వెళ్లాడు. శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు అమ్మతో మాట్లాడాడు. అక్కడ దిగాడు. కంపెనీ వాళ్లు కొత్త సిమ్ ఇచ్చారు. సిమ్ వేసుకుని, దిగానని చెబుదామని 'అమ్మ' అన్న పేరు నొక్కాడు. ఫోన్లో అమ్మ నంబరు సున్నాతో మొదలవుతుంది. ఎందుకంటే ఎప్పుడో, వేరే రాష్ట్రం సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి అన్న రోజుల్లో ఎవరో అలా వేసిచ్చారు. సున్నా, ఆ తర్వాత తొమ్మిది. దుబాయి ఉండే ఎమిరేట్స్ దేశంలో 09 అంటే ఫుజైరా వైపు ల్యాండ్‌లైన్ల కోడు. పాపం, ఈ పిల్లవాడు ఇంటికి చేస్తున్నాననుకుంటున్నాడు. అక్కడి ఎక్స్ఛేంజికి మాత్రం ఫుజైరాలో ఎవరికో చేస్తున్నట్టు కనిపిస్తుంది. అక్కడ అమ్మ లేదు. నంబరు సరిచూసుకోమని రికార్డు మాట అరబీలో వినిపిస్తుంది. ఇంటి దగ్గర అమ్మ రాత్రంతా ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటుంది.

హైదరాబాద్ ల్యాండ్‌లైన్ సంగతి కూడా ఇంతే. మనకి 040 అంటే హైదరాబాద్. దుబాయిలో 04 అంటే దుబాయే. అన్నగారి ఇంటి ల్యాండ్‌లైన్ 040తో దాచుకుని, దుబాయి సిమ్ నుంచి నొక్కితే అది ఆ ఊరి గడప కూడా దాటదు. అదే నంబరు ప్లస్ 91, తర్వాత 40, తర్వాత ఎనిమిది అంకెలు అని ఉంటే నేరుగా హైదరాబాద్ వచ్చి మోగుతుంది. విజయవాడ అయితే ప్లస్ 91, 866, ఆపైన నంబరు. 0866 లోని సున్నా పోతుంది. గమనించండి, సున్నా పోతుంది.

ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క మాట చెప్పుకుందాం. ఇదివరకు పొరుగూరికి ఫోను చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి, ఆపరేటరు కలిపేదాకా కూర్చునేవాళ్లం. మన దేశంలో ఆపరేటరు లేకుండా మనమే ఇంకో ఊరికి డయల్ చేసుకునే వసతి, అంటే ఎస్టీడీ, 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. ఈ నంబరు ఊరి బయటికి వెళ్లాలి అని ఎక్స్ఛేంజికి ముందుగా చెప్పడానికి సున్నా పెట్టుకున్నారు. అంటే ఆ సున్నా దేశం లోపలి ఏర్పాటు. దేశం బయట దానికి పని లేదు. ఇప్పటికీ దేశంలో దానికి పని ఉంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద సెల్ నంబరుకి చేయాలంటే ముందు సున్నా కొట్టాల్సిందే. మన ఇళ్లలో గందరగోళానికి ఇదొక కారణం. ల్యాండ్‌లైన్ బటన్ల మీద కొట్టే సున్నాని సెల్‌ఫోన్ కాంటాక్టులోకి కూడా ఎక్కిస్తున్నారు. కాంటాక్టులో సున్నా వద్దు. ప్లస్ 91కి పక్కన సున్నా అసలే వద్దు. ప్లస్ 91, సున్నా, 98 అంటూ దాచినవాళ్లు చాలామంది ఉంటారు. రెండూ ఉంటే మంచిదే కదా అనుకుంటారు. ఉండకూడదు.

ఇప్పుడు అవతలి వైపు నుంచి చూద్దాం. ఇక్కడున్న అమ్మా నాన్నల ఫోన్లో పిల్లల విదేశీ నంబర్లు ఎలా ఉన్నాయి? నన్ను అడిగితే, ఎక్కువ చిక్కు ఇక్కడే ఉంది.

అమెరికా నంబరుకి పది అంకెలు ఉంటాయి. మన సెల్ నంబరుకీ పదే. ఈ పోలికతోనే వస్తుంది తంటా. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పనక్కర్లేదు. ఆ ఊరి ఏరియా కోడుల్లో ఒకటి 972. అమ్మాయి అక్కడి నంబరు తీసుకుంది. 'నాన్నా, ఇదీ నా నంబరు' అని పది అంకెలు పంపింది. 972తో మొదలయ్యే పది అంకెలు. నాన్నగారు అలాగే దాచుకున్నారు. చూడటానికి అచ్చం మన సెల్ నంబరే. నొక్కితే మన నెట్‌వర్క్ దాన్ని మన దేశపు నంబరే అనుకుంటుంది. మన దేశంలోనే ఎవరికో మోగవచ్చు. ఎవరో తెలియని మనిషి ఎత్తి 'కౌన్' అంటాడు. నాన్నగారికి గుండె ఝల్లుమంటుంది. అమ్మాయి ఫోను వేరేవాళ్ల చేతిలో ఎందుకుంది అని.

ఇంకొకరు కాస్త తెలివిగా, విదేశం కదా అని ముందు ప్లస్ పెట్టారనుకోండి. 1 మాత్రం మరిచిపోయారు. ప్లస్ 972 అయింది. ప్లస్ 972 అంటే ఏమిటో తెలుసా? ఇజ్రాయెల్ దేశం కోడు. డల్లాస్‌కి పోవాల్సిన కాల్ ఇజ్రాయెల్ వైపు తిరిగింది. శాన్ హోజే అబ్బాయి నంబరు 408తో మొదలవుతుంది. దానికి ముందు 1 లేకుండా ప్లస్ పెడితే రుమేనియా, ఎందుకంటే 40 రుమేనియా కోడు. ఫ్రీమాంట్ 510కి అలా చేస్తే పెరూ, ఎందుకంటే 51 పెరూ కోడు. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు 732 ఉంటుంది. దానికి ప్లస్ మాత్రం పెడితే 7 కోడు ఉన్న రష్యా, కజకిస్తాన్‌ల వైపు వెళ్తుంది. అందరికీ మందు ఒకటే. ప్లస్, 1, తర్వాత ఆ పది అంకెలు. అమెరికాకీ కెనడాకీ దేశం కోడు ఒకటే, 1.

అమెరికాలో ఉన్న పిల్లలకి కూడా ఒక మాట. అక్కడి ఫోన్లో అమ్మ నంబరుకి ముందు 91 పెట్టి, ప్లస్ మరిచిపోయారనుకోండి. అమ్మ సెల్ నంబరు తొమ్మిదితో మొదలవుతుంది. 91, 9. కలిపితే 919. అది నార్త్ కరోలినాలో రాలీ ఊరి ఏరియా కోడు. అక్కడి నెట్‌వర్క్ దాన్ని రాలీ నంబరు అనుకునే వీలుంది. ఢిల్లీ ల్యాండ్‌లైన్ అయితే ఇంకా ప్రమాదం. ఢిల్లీ కోడు 11. ప్లస్ లేకుండా, ముందు వేరే ఏమీ లేకుండా, ల్యాండ్‌లైన్ మీద 91, 11 అని కొట్టడం మొదలుపెడితే మొదటి మూడు అంకెలు 911 అవుతాయి. అది అమెరికాలో పోలీసుల్నీ అంబులెన్సునీ పిలిచే నంబరు. అందుకని 91 ఒక్కటే సరిపోదు. ముందు ప్లస్ ఉండాలి.

ఆ ప్లస్ చేసే పని ఏమిటంటారా? ప్రతి దేశంలోనూ, బయటి దేశానికి లైను కావాలి అని అడగడానికి కొన్ని అంకెలు ఉంటాయి. మన దేశంలో 00. ఎమిరేట్స్‌లో, ఇంగ్లాండులో కూడా 00. అమెరికాలో 011. ఆస్ట్రేలియాలో 0011. పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌ల కాలంలో గల్ఫ్‌కి ఫోను చేసినవాళ్లకి ఆ 00 వేళ్లకి అలవాటే. ఇప్పుడు ఏ దేశంలో ఏ అంకెలు కొట్టాలో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్లస్ పెడితే, మీరున్న దేశాన్ని బట్టి కాల్‌ని బయటికి పంపే పని నెట్‌వర్కే చూసుకుంటుంది. ఒకసారి ప్లస్‌తో దాచుకుంటే ఆ నంబరు దుబాయిలోనూ మోగుతుంది, డల్లాస్‌లోనూ మోగుతుంది, దువ్వాడలోనూ మోగుతుంది. మళ్లీ మార్చే పని లేదు.

ఈ కోడుల్ని ఎవరు పంచారో కూడా తెలుసుకుందాం. జెనీవాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ అని ఒక సంస్థ ఉంది. టెలిగ్రాఫుల కోసం 1865లో మొదలైంది, ఇప్పుడు ఐక్యరాజ్యసమితి సంస్థ. ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో మొదటి అంకె ఇచ్చారు. 2తో మొదలైతే చాలావరకు ఆఫ్రికా. 3, 4 యూరప్. 6 ఆస్ట్రేలియా, మలేషియా, సింగపూర్ ఉన్న వైపు. మన వైపుకి 9 వచ్చింది. మనది 91, పక్కన పాకిస్తాన్ 92, శ్రీలంక 94, మయన్మార్ 95. గల్ఫ్ దేశాలు కూడా ఈ 9లోనే ఉన్నాయి. వాటి కోడుకి మూడు అంకెలు. దేశం కోడుతో సహా మొత్తం నంబరు 15 అంకెలు దాటకూడదని నియమం.

ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. ఒక దేశం కోడుని ముందు పెట్టుకుని ఇంకో దేశం కోడు మొదలవదు. ఎక్స్ఛేంజి 9 విన్నాక 1 వింటే, ఇంక ఆలోచించదు, అది భారతదేశమే. 9 తర్వాత 7 వింటే మూడో అంకె కోసం ఆగుతుంది. 1 వస్తే ఎమిరేట్స్, 4 వస్తే ఖతార్, 7 వస్తే నేపాల్. ఎంత చక్కటి లెక్కో చూడండి. దేశాల మధ్య ఎన్ని తగాదాలున్నా, ఈ ఒక్క విషయంలో అందరూ ఒక్క పద్ధతికి కట్టుబడ్డారు. ఆ పద్ధతిని మన ఫోన్లో పాటించడానికి మనకి రెండు నిమిషాలు పడుతుంది.

ఇక చాలామందికి ఉన్న ఒక భయం. 'ప్లస్ 91 పెడితే ఐఎస్‌డీ చార్జీ పడుతుందేమో?' పెద్దవాళ్లు ఈ మాట అడుగుతుంటారు. పడదండీ. మన దేశంలో ఉండి, మన సిమ్ నుంచి ప్లస్ 91 నంబరుకి చేస్తే అది మామూలు కాల్ కిందే లెక్క. మీ ప్యాకులో ఎలా ఉంటే అలాగే. పక్కింటి వాళ్ల నంబరు కూడా ప్లస్ 91తో దాచుకోవచ్చు. రూపాయి తేడా ఉండదు. ఈ మాట మీ ఇంట్లో అత్తయ్యగారికి, తాతగారికి తప్పకుండా చెప్పండి. ఆ భయంతోనే చాలామంది ప్లస్‌ని ముట్టుకోరు.

ఇంకో అనుమానం. 'మా అబ్బాయి చేసినప్పుడు వాడి పేరే పడుతోంది కదా, అంటే నంబరు సరిగ్గా ఉన్నట్టే కదా?' కాదు. చాలా ఫోన్లు వచ్చే కాల్‌లో చివరి అంకెలు చూసి, కాంటాక్టులో ఉన్న చివరి అంకెలతో పోల్చి పేరు చూపిస్తాయి. మొదట్లో దేశం కోడు లేకపోయినా పేరు పడుతుంది. వచ్చే కాల్‌కి పేరు పడిందని సంతోషించకండి. మీరు చేసే కాల్ వెళ్తుందా లేదా అన్నదే చూసుకోవాలి.

సరే, సరిచేయడం ఎలా? ఒక్క నంబరు నాతో కలిసి చేయండి. కాంటాక్టులో పేరు తెరవండి. పెన్సిల్ బొమ్మ గానీ, ఎడిట్ అన్న మాట గానీ కనిపిస్తుంది. నొక్కండి. నంబరు మీద వేలు పెట్టి, మొట్టమొదటి అంకెకి ముందు గీత మినుకుమినుకుమనేలా జరపండి. అక్కడ సున్నా ఉంటే చెరిపేయండి. ఇప్పుడు అంకెల పలకలో సున్నా బటన్ని నొక్కి వదలకుండా పట్టుకోండి. ఒక్క క్షణంలో సున్నా బదులు ప్లస్ వస్తుంది. సున్నా బటన్ మీదే చిన్నగా ప్లస్ గుర్తు ఉంటుంది, చూడండి. బటన్ల ఫోన్లలో కూడా చాలావాటిలో సున్నానే పట్టుకోవాలి, కొన్నిటిలో నక్షత్రం గుర్తు బటన్ని రెండుసార్లు నొక్కాలి. ప్లస్ వచ్చిందా? ఇప్పుడు 9, 1. వెనక పది అంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. సేవ్ చేయండి. అయిపోయింది. అంకెల మధ్య ఖాళీలున్నా, చిన్న గీతలున్నా ఫోనుకి పట్టింపు లేదు.

విదేశీ నంబరు సరిచేయడానికి సులువైన దారి వాట్సాప్. వాట్సాప్‌లో పిల్లల చాట్ తెరిచి పైన పేరు నొక్కితే, నంబరు ప్లస్‌తో, దేశం కోడుతో సహా పూర్తిగా కనిపిస్తుంది. అక్కడ ఎలా ఉందో అలా దాచుకోండి. కాకపోతే, ఆ వాట్సాప్ అక్కడి నంబరుతోనే ఉందా, పాత ఇండియా నంబరుతోనే నడుస్తోందా అని ఒక్క మాట అడగండి. చాలామంది పిల్లలు పాతదే ఉంచుకుంటారు. సరిగ్గా వెళ్తుందో లేదో చూడటానికి విదేశానికి మామూలు కాల్ చేయకండి, దానికి ఐఎస్‌డీ చార్జీ పడుతుంది. మీరు పెట్టుకున్న నంబరు చదివి వినిపించి, వాళ్ల చేత అవుననిపించుకోండి.

వాట్సాప్ గురించి చెప్పుకుంటున్నాం కాబట్టి ఇంకొకటి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి, కోనసీమ నుంచి ఎందరో అక్కచెల్లెళ్లు కువైట్ వెళ్తున్నారు. అక్కడికి వెళ్లాక వాట్సాప్‌ని కువైట్ నంబరుకి మార్చుకుంటారు. మార్చగానే ఊళ్లో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఎవరో తీసేశారని కంగారు పడతారు. ఎవరూ తీసేయలేదు. దేశం కోడు లేని నంబరు కనిపిస్తే, అది మీ సొంత నంబరు దేశానిదే అని వాట్సాప్ అనుకుంటుంది. నిన్నటిదాకా మీది ఇండియా నంబరు, అన్నీ ఇండియావే అనుకుంది. ఇవాళ మీది కువైట్ నంబరు, అన్నీ కువైట్‌వే అనుకుంటోంది. కువైట్ నంబర్లకి ఎనిమిది అంకెలే. పది అంకెల నంబరు అక్కడ ఎవరిదీ కాదు. అందుకని పేర్లు పోతాయి. ప్లస్ 91 ముందే పెట్టుకుంటే ఒక్క పేరూ పోదు. విమానం ఎక్కకముందు చేసుకోవాల్సిన పనుల్లో వీసా కాగితం, మందుల చీటీతో పాటు ఇది కూడా ఒకటి.

కువైట్ కోడు 965. సౌదీ 966. ఒమన్ 968. ఎమిరేట్స్ 971. బహ్రెయిన్ 973. ఖతార్ 974. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మీ ఇంటి మనిషి ఉన్న దేశానిది ఒక్కటి గుర్తుంటే చాలు. సౌదీలో, ఎమిరేట్స్‌లో సెల్ నంబరు సున్నా, అయిదుతో మొదలవుతుంది. ఆ సున్నా తీసేసి దేశం కోడు పెట్టాలి. ఇంగ్లాండు 44, ఆస్ట్రేలియా 61. అక్కడా సున్నాతో మొదలవుతాయి, అక్కడా సున్నా పోతుంది. ఇంగ్లాండు విజిటింగ్ కార్డుల మీద ప్లస్ 44, పక్కన బ్రాకెట్లో సున్నా, ఆ తర్వాత నంబరు అచ్చువేస్తారు. బ్రాకెట్లో సున్నా వాళ్ల దేశంలో ఉన్నవాళ్లకి. మనం వదిలేయాలి. ఇటలీ ల్యాండ్‌లైన్లకి మాత్రం సున్నా ఉంచాలి. మిలాన్‌లోనో రోమ్‌లోనో మీవాళ్లుంటే ఈ సంగతి మనసులో పెట్టుకోండి. మిగతావాళ్లు మరిచిపోవచ్చు.

ప్లస్ 91 పెట్టకూడనివి కూడా ఉన్నాయి. 112, 108, 1930 లాంటి చిన్న నంబర్లు. వాటిని ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. అలాగే 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు మామూలుగా దేశం బయట నుంచి పనిచేయవు. బ్యాంకు కార్డు వెనక చూడండి, విదేశాల నుంచి చేయడానికి ప్లస్ 91తో వేరే నంబరు అచ్చువేసి ఉండవచ్చు. ప్రయాణానికి ముందు ఆ నంబరు దాచుకోండి. కార్డు పోయాక కార్డు వెనక నంబరు చూడలేం కదా.

ఇలా అన్నీ పూర్తిగా దాచుకుంటే ఇంకో మేలు ఉంది. తెలియని కాల్ వచ్చినప్పుడు మొదటి అంకెలు చూసే అలవాటు వస్తుంది. 2023 మే నెలలో దేశమంతటా చాలామందికి వాట్సాప్‌లో ఇండోనేషియా 62, వియత్నాం 84, కెన్యా 254, ఇథియోపియా 251 కోడుల నుంచి వరసగా కాల్స్ వచ్చాయి. అక్కడ మనకి ఎవరూ లేకపోతే ఎత్తనక్కర్లేదు. మిస్డ్ కాల్ చూసి తిరిగి అసలే చేయకండి, మామూలు కాల్ చేస్తే చార్జీ మీకే పడుతుంది. ప్లస్ 92 నుంచి పోలీసు టోపీ ఫొటో పెట్టుకుని మీ అబ్బాయిని పట్టుకున్నాం అని బెదిరించిన కాల్స్ గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. మన పోలీసులకి ఆ కోడు ఎందుకుంటుంది? అలాగని ప్లస్ 91 కనిపిస్తే కళ్లు మూసుకుని నమ్మకండి. విదేశం నుంచి చేస్తూ మన దేశపు నంబరు పడేలా చేసే మోసగాళ్లు ఉన్నారు. అలాంటి కాల్స్‌ని ఆపడానికి 2024 అక్టోబరులో కేంద్ర టెలికాం శాఖ ఒక ఏర్పాటు తెచ్చింది. అయినా జాగ్రత్త మనదే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి చేయాలి, ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు, నేను ఈ ప్రసంగానికి పూనుకోవడానికి అసలు కారణం చెబుతాను. మన ఫోన్లోని నంబర్లు ప్రతిసారీ మనమే నొక్కం. పరాయి దేశంలో రోడ్డు మీద మన మనిషికి దెబ్బ తగిలిందనుకుందాం. స్పృహ లేదు. ఆసుపత్రిలో నర్సు అతని ఫోను తీసింది. ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి కావచ్చు, ఈజిప్టు అమ్మాయి కావచ్చు. ఇంట్లోవాళ్ల నంబరు దొరికింది. అది పది అంకెలు. ఏ దేశానివి? ఆమెకి ఎలా తెలుస్తుంది? నేపాల్‌దా, బంగ్లాదేశ్‌దా, మనదా? అదే ప్లస్ 91తో ఉంటే ఆమె ఏమీ ఆలోచించనక్కర్లేదు. నొక్కితే చాలు, ఇక్కడ ఇల్లు మోగుతుంది.

ఫోన్లలో అత్యవసర సంప్రదింపు అని ఒక వసతి ఉంది. లాక్ తీయకుండానే వేరేవాళ్లు ఆ నంబరు చూసి ఫోను చేయవచ్చు. అందులో పెట్టే నంబర్లు తప్పకుండా ప్లస్ 91తో ఉండాలి. అమ్మ అని మాత్రమే ఉంటే తెలుగు రానివాళ్లకి అర్థం కాదు. అమ్మ పేరుతో పాటు, తల్లి అని తెలిసే మాట ఇంగ్లీషులో కూడా రాయండి.

ఫోను పోవచ్చు. బ్యాటరీ అయిపోవచ్చు. అందుకని ఒక కాగితం మీద నాలుగు నంబర్లు రాసి పాస్‌పోర్టు అట్టలో పెట్టుకోండి. ఇల్లు, అన్నదమ్ములు, పంపిన ఏజెంటు, అక్కడి మన రాయబార కార్యాలయం. ప్రతి నంబరు ముందూ ప్లస్, దేశం కోడు. ఇంటి దగ్గర కూడా అంతే. మన ఇళ్లలో పిల్లల నంబర్లు గోడ క్యాలెండరు వెనక, బీరువా తలుపు లోపల, రేషన్ కార్డు కవరు మీద రాసి ఉంటాయి. అక్కడ కూడా పూర్తిగా రాయండి. పక్కింటివాళ్లు చూసి చేయాల్సి వచ్చినా తడబడకుండా చేయగలగాలి.

మళ్లీ ఒకసారి. ముందు ప్లస్. తర్వాత దేశం కోడు. ఆ తర్వాత సున్నా లేకుండా నంబరు. మన నంబర్లకి ప్లస్ 91. అమెరికా పిల్లలకి ప్లస్ 1. కువైట్ అక్కకి ప్లస్ 965.

చదువుకునే పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే మీకో మనవి. ఇవాళ సాయంత్రం అమ్మమ్మ ఫోను తీసుకోండి. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ ఎక్కువగా మాట్లాడే పది నంబర్లు సరిచేయండి. మీరే చేసేసి ఇచ్చేయకుండా, సున్నా బటన్ని పట్టుకుంటే ప్లస్ ఎలా వస్తుందో ఆవిడ చేత్తోనే చేయించండి. విదేశం వెళ్లే అన్నయ్యో అక్కో ఇంట్లో ఉంటే, పెట్టె సర్దే రోజున వాళ్ల ఫోను కూడా అడిగి తీసుకోండి. అమ్మ నంబరుతో మొదలుపెట్టండి.